పసిపిల్లలతో హోటలుకు: బత్తలపల్లె జూన్ కబుర్లు

మృగశిర పోయి ఆరుద్ర కార్తె అడుగుపెట్టింది. ఒక పదును వాన పడింది. ఇంకొక పదును పడితే శెనక్కాయ ఇత్తుకుందామని విత్తనాలు ఒలిపించి పెట్టుకున్నోళ్లు పొద్దున లేస్తూనే మబ్బు చూస్తున్నారు. అధిక జ్యేష్ఠం అడ్డొచ్చి ఏరువాక పున్నమి ఈ ఏడు నెలాఖరుకు పోయింది. కదిరి పరిశోధన కేంద్రం వాళ్ల కె-6 వేయాలా, కదిరి లేపాక్షి వేయాలా అని రచ్చకట్ట మీద వాదన మామూలే. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది సగటు వాన 552 మిల్లీమీటర్లు, అదీ పడితే. అందుకే మా ఊళ్లో వాన కబురు రెండు ముక్కల్లో అయిపోతుంది. ఈ నెల ఎడతెగకుండా సాగుతున్న కబురు వేరే ఉంది. అది విమానం దిగొచ్చిన పిల్లలది.

అమెరికా బళ్లకు ఇది సెలవుల కాలం. కువైట్‌లో ఎండ భయంకరం. అక్కడి మిత్రిబాలో 2016 జూలైలో 53.9 డిగ్రీలు పడిందని ప్రపంచ వాతావరణ సంస్థే ఖాయం చేసింది. కాబట్టి అక్కడి కుటుంబాలూ ఈ నెలల్లోనే ఇండియా దారి పడతాయి. దేవనహళ్లి విమానాశ్రయంలో దిగి, కారెక్కి, తెల్లారేసరికి ఇంటి ముందర. మొదటి మూడు రోజులు ఓళిగలు, నాటుకోడి పులుసు, రాగి సంగటి, ఊరుబిండి. నాలుగో రోజు ఎవరో ఒకరు అంటారు: “అమ్మకు ఎంత పని! ఈ పూట బయట తిందాం పదండి.” అప్పుడు మొదలవుతుంది తమాషా.

ఉగ్గాని దగ్గర రంగు పెన్సిళ్లు

బస్టాండు దగ్గరి టిఫిన్ హోటల్లో పొద్దున ఎనిమిది గంటలకు కూర్చుంటే లోకమంతా కనిపిస్తుంది. మొన్న డల్లాస్ నుంచి వచ్చిన ఒక కుటుంబం లోపలికొచ్చింది. జేజి, కొడుకు, కోడలు, నాలుగేండ్ల పిల్లోడు. పెద్దోళ్లకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చెప్పినారు. పిల్లోడి కోసం తండ్రి అడిగినాడు: “అన్నా, కారం లేకుండా ఏమన్నా ఉందా?”

“కారం లేకుంటే ఉగ్గాని ఎట్లయితాదప్పా? ఇడ్లీ ఇస్తా, నెయ్యి పోసి.”

పిల్లోడు బల్ల మీద అటూ ఇటూ చూసి వాళ్లమ్మ చెవిలో ఏదో అడిగినాడు. రంగు పెన్సిళ్లు ఎక్కడున్నాయని. జేజికి నవ్వాగలేదు. “తినేకి వచ్చినామా, రాసేకి వచ్చినామా నాయనా?” అంది. యజమాని మాత్రం నవ్వలేదు. బిల్లు పుస్తకంలోంచి కార్బన్ కాగితంతో సహా రెండు చీటీలు చించి, చెవిలో పెట్టుకున్న పెన్ను తీసి ఇచ్చినాడు. పైన గీస్తే కిందా పడే గీతను చూసి పిల్లోడు ఇడ్లీ సంగతే మరిచిపోయినాడు. తండ్రి ఒక్కో ముక్క నోట్లో పెడుతుంటే ఆ ధ్యాసలోనే రెండు ఇడ్లీలు లోపలికి పోయినాయి.

పిల్లోడు అడిగినదాంట్లో తప్పేం లేదు. అమెరికాలో కుటుంబాలు పోయే హోటళ్లలో పిల్లలకని వేరే మెనూ కాగితం, దాని మీద బొమ్మలు, దాంతోపాటు నాలుగు రంగు పెన్సిళ్లు ఇస్తారు. తిండి వచ్చేలోపల పిల్లలు దాంతో కాలక్షేపం చేయాలి. ఆ పిల్లల మెనూకు ఒక కథ ఉంది. 1920లో అక్కడ మద్యనిషేధం వచ్చింది. సారా ఆదాయం పోయిన పెద్ద హోటళ్లు కొత్త గిరాకీ కోసం వెతుక్కొని పిల్లల వైపు చూసినాయి. న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా 1921లోనే పిల్లల మెనూ పెట్టింది. అప్పటి అమ్మలకు వేదం లాంటిది ఎమ్మెట్ హోల్ట్ అనే డాక్టరు 1894లో రాసిన పిల్లల పెంపకం పుస్తకం. పిల్లలకు మసాలా, పులుపు, తీపి ఏవీ పడవని ఆయన మాట. ఉడికించిన చప్పిడి తిండే మేలన్నాడు. డాక్టరు మాట పాతబడింది గానీ పిల్లల తిండి వేరే అన్న పద్ధతి అట్లే నిలిచిపోయింది. ఇప్పుడు చప్పిడి కూరల చోట చికెన్ వేళ్లు, చీజు మకరోనీ వచ్చినాయి, అంతే తేడా.

మన దగ్గర పిల్లల మెనూ లేదు. పెద్దల విస్తర్లోంచే పిల్లలకు ఒక మూల మెత్తగా చేసి పెడతారు. పెరుగన్నం, పప్పన్నం, నెయ్యి ఇడ్లీ. అన్నిటికంటే మేలు రాగి సంగటి. నమిలే పని లేదు, గొంతులో ఇరుక్కోదు, 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల ఏడాదిగా జరిపింది. అమెరికా తెలుగు హోటళ్లలోనూ సంగటి పెద్ద బోర్డెక్కింది. డల్లాస్ కోడలు చెప్పింది: “అక్కడ సంగటి తినాలంటే వారం ముందే అనుకొని పోతాం అత్తమ్మా, అది స్పెషలు.” జేజి ఆ మాట విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె చిన్నప్పుడు వరన్నమే స్పెషలు మరి.

శెనక్కాయ నేలకు వచ్చిన ప్రశ్న

ఇంకో ఇంట్లో ఇంకో ముచ్చట. లండన్ నుంచి వచ్చిన కోడలు హోటల్లో కూర్చోగానే సర్వరును అడిగింది: “ఇందులో శెనక్కాయ ఏమన్నా ఉందా?” సర్వరు బిత్తరపోయి ఓనరు వైపు చూసినాడు. బత్తలపల్లెలో కూర్చొని శెనక్కాయ ఉందా అని అడగడమా? చట్నీలో శెనక్కాయ, ఉగ్గాని మీద చల్లే పొడిలో శెనక్కాయ, వంకాయలో శెనక్కాయ, కాగే నూనె శెనక్కాయ.

ఆమె అడిగింది చాదస్తం కాదు. వాళ్ల పాపకు పడదు. తింటే పెదాలు ఉబ్బుతాయి, ఊపిరి బిగుస్తుంది. ఐరోపాలో 2014 డిసెంబరు నుంచి హోటళ్లవాళ్లు 14 రకాల పదార్థాల గురించి అడిగితే చెప్పి తీరాలి. అందులో శెనక్కాయ ఉంది, నువ్వులున్నాయి, ఆవాలు కూడా ఉన్నాయి. ఆవాలు లేకుండా మన తిరగవాత ఏది? అమెరికాలో ఆ జాబితా చిన్నది, అదీ ప్యాకెట్ తిండి లేబుళ్లకు. 2023 జనవరి నుంచి నువ్వులు చేరి తొమ్మిదయింది. అయినా అక్కడ పిల్లలతో బయటికి పోయిన మనవాళ్లు కూర్చోగానే చాలా చోట్ల సర్వరు మొదట అడిగేది దీని గురించే. ఏమి తింటారన్నది ఆ తర్వాత.

ఇందులో మా నేలకు సంతోషమైన మాట ఒకటుంది. శెనక్కాయ పడకపోవచ్చన్న భయంతో పసిపిల్లలకు దాన్ని దూరం పెట్టమని డాక్టర్లు చాలా ఏండ్లు చెప్పినారు. లండన్‌లో గిడియన్ లాక్ బృందం 640 మంది పసిపిల్లల మీద చేసిన పరిశోధన 2015లో వెలువడి, ఆ మాటను తలకిందులు చేసింది. వాళ్లంతా ఈ సమస్య వచ్చే ప్రమాదం ఎక్కువున్న పిల్లలు. నాలుగు నుంచి పదకొండు నెలల వయసు మధ్య పరిశోధనలో చేరినారు. అప్పట్నుంచి శెనక్కాయ తింటూ పెరిగినోళ్లలో అయిదేండ్లు వచ్చేసరికి నూటికి 3.2 మందికే అది పడకుండా పోయింది. దూరం పెట్టినవాళ్లలో 17.2 మందికి. మెత్తగా నూరిన శెనక్కాయ ఊరుబిండిని సంగటి ముద్దకు తాకించి నాకిస్తూ పిల్లలను పెంచిన మా జేజిలకు ఈ లెక్కలు చదివి వినిపిస్తే “అది మాకు ముందే తెలుసు” అంటారు. తెలిసి చేసినారా అంటే కాదు, ఇంట్లో ఉన్నది అదే. అట్లని ఇప్పటికే పడని బిడ్డ మీద జేజి వైద్యం చేయకూడదు. బిడ్డ ఒంటి మీద దద్దుర్లు, తామర ఎక్కువుంటే మొదలు పెట్టేముందు డాక్టరును అడగాల్సిందే. ఇంకో మాట. అయిదేండ్లలోపు పిల్లలకు గింజ గింజగా పెట్టొద్దు, గొంతులో అడ్డం పడుతుంది. నూరి పెట్టండి, పొడి చేసి పెట్టండి.

ఆ రోజు హోటలాయన ఏం చేసినాడంటే, నూనె బదులు నెయ్యి వేసి పాపకు దోస పోయించినాడు. పెనం కడిగించి, గరిటె మార్పించి, చట్నీ గిన్నెలు ఆ బల్ల మీదికే రానీయలేదు. కాగితం మీద నియమం ఏదీ లేదు. ఆ తల్లి మొహం చూసి చేసినాడు.

స్పెయిన్ వాళ్ల రాత్రి భోజనం

జూన్ 19 వచ్చిందంటే మా ఊళ్లో ఫాదర్‌ను తలుచుకుంటారు. విన్సెంట్ ఫెర్రర్ 2009లో అదే రోజు కన్నుమూసినాడు. బార్సిలోనాలో పుట్టి 1969లో అనంతపురం వచ్చి నిలిచిపోయిన మనిషి. ఆయన సంస్థ ఆర్.డి.టి. ఆసుపత్రి ఇక్కడ ఉన్నందుకు బత్తలపల్లె పేరు స్పెయిన్‌లో చాలా ఇండ్లలో తెలుసు. వాళ్లకు ఆగస్టు సెలవుల నెల. పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చే కుటుంబాలూ కనిపిస్తుంటాయి.

ఆ పిల్లలకు మన తిండి కంటే మన వేళలతోనే పేచీ. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు మూడింటికి, రాత్రి భోజనం తొమ్మిది దాటినాక. పసిపిల్లలు కూడా పదింటికి హోటల్ ముందు వీధిలో బంతి ఆడుతూ ఉంటారు, అమ్మానాన్నలు బయట వేసిన బల్లల దగ్గర మాట్లాడుకుంటూ ఉంటారు. పిల్లల్ని కూర్చోబెట్టే అవస్థ అక్కడ తక్కువ, ఊరి నడిమి ఖాళీ జాగానే వాళ్లను చూసుకుంటుంది. మనూళ్లో తొమ్మిదికి హోటలోడు కుర్చీలు ఎత్తేస్తుంటాడు.

ఆ పద్ధతిలో సగం మనకూ ఉంది. గూగూడు కుళ్లాయిస్వామి దగ్గర చూడండి. ఈ ఏడు మొహర్రం జూన్‌లోనే పడింది. ఆ పండగకు నార్పల మండలంలోని గూగూడుకు హిందువులు, ముస్లిములు కలిసే పోతారు, చక్కెర చదివింపులు చేస్తారు. రాత్రి పొద్దుపోయేదాకా పిల్లలు బొరుగులు బొక్కుతూ జనంలో తిరుగుతూనే ఉంటారు. ఎవరి బిడ్డ ఎవరి దగ్గర నీళ్లు తాగుతున్నదో ఎవరూ లెక్కపెట్టరు. అదే పిల్లోడు హోటల్లో రెండు నిమిషాలు లేచి తిరిగితే మాత్రం మనకు సిగ్గు.

కువైట్ నుంచి ఒక ప్లేటు

మా వీధి చివర ఇంటి ఆయమ్మ కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తుంది. సెలవు మీద వచ్చింది. పిల్లలతో హోటలుకు పోవడం గురించి అందరూ చెబుతుంటే ఆమె కూడా చెప్పింది, కాకపోతే ఆ పిల్లలు ఆమె పిల్లలు కారు. “శుక్రవారం మాల్‌కు పోతాము. చిన్నోళ్లిద్దరూ నా పక్కనే. వాళ్లు తినేంతవరకూ నాది మూత పెట్టి ఉంటాది. ఆరిపోయినాక తింటాంటి.”

ధర్మవరంలో పట్టుచీర కొనేకి పోయినప్పుడు తన కొడుకును హోటలుకు తీసుకపోయింది. వాడికి ఆరేండ్లు, జేజి దగ్గర పెరిగినోడు. బిర్యానీ రాగానే ఆమె వేళ్లు వాటంతట అవే కదిలినాయి. చికెన్ ముక్కను దారాలు దారాలుగా చీల్చి, ఎముక లేదని వేలి కొసతో నొక్కి చూసి, చల్లార్చి ప్లేటు అంచున వరసగా పెట్టింది. వాడు ఆ వరస చూసినాడు. “నేనే తింటా, నాకొచ్చు” అని ఎముకున్న ముక్కే అడిగినాడు. ఆమె ఇచ్చింది. చీల్చి పెట్టినదంతా తనే తినింది, ఈసారి వేడివేడిగా.

పిల్లలకు ప్రవేశం లేదా?

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పట్నుంచి జాతీయ రహదారి పక్కన కొరియా అక్షరాల బోర్డులతో హోటళ్లు వెలిసినాయి. అటుగా పోయొచ్చినోళ్లు కిమ్చి తిని, మన ఊరగాయతో పోల్చి తీర్పులు చెబుతున్నారు.

కొరియాలో మాత్రం పిల్లల విషయం పెద్ద రగడ. “పిల్లలకు ప్రవేశం లేదు” అని బోర్డు పెట్టే హోటళ్లు అక్కడ పుట్టుకొచ్చినాయి. జెజు దీవిలో ఒక హోటలు 13 ఏండ్లలోపు పిల్లల్ని రానీయకపోతే, అది వివక్షేనని అక్కడి జాతీయ మానవ హక్కుల కమిషన్ 2017లో తేల్చింది. అయినా అట్లాంటి బోర్డులు పోలేదు. అల్లరి పిల్లల వల్ల గిరాకీ పోతుందని ఓనర్లు, పిల్లలే లేకుండా పోతున్న దేశంలో ఇదేం పద్ధతని తల్లులు. ఇద్దరికీ బాధ ఉంది.

జపాన్‌వాళ్లు ఇంకో దారి పట్టినారు. 1930లో టోక్యోలోని మిత్సుకోషి దుకాణంలో పిల్లలకని ఒక పళ్లెం పెట్టినారు. కొండలాగా కుప్పపోసిన అన్నం మీద చిన్న జెండా గుచ్చి. ఇప్పటికీ ఆ జెండా ఉంది. సింగపూర్ వీధి తిండి కేంద్రాల్లో 2021 సెప్టెంబరు నుంచి తిన్న పళ్లెం ఎవరిది వాళ్లే తిరిగి పెట్టాలి, లేకుంటే జరిమానా పడొచ్చు. అక్కడి నుంచి వచ్చిన ఒక పాప మా బస్టాండు హోటల్లో ఎంగిలి ప్లేటు ఎత్తుకొని వంటింట్లోకి నడిచింది. పాత్రలు కడిగే అవ్వ కంగారుపడి “వద్దు తల్లీ, నా పని నువ్వు చేస్తే నాకు కూలి ఎవురిస్తారు?” అంది. పాప తెలుగు అర్థం చేసుకొని, ప్లేటు అక్కడే పెట్టి, ఒక గ్లాసు మాత్రం తొట్లో వేసి వచ్చింది.

మన హోటళ్లకు రెండు మాటలు, మనకు ఒక మాట

హోటళ్లవాళ్లకు పెద్ద ఖర్చు లేని పనులు రెండున్నాయి. ధర్మవరంలోనో అనంతపురంలోనో దొరికే ప్లాస్టిక్ బేబీ కుర్చీ ఒకటి తెచ్చి మూలన పెట్టండి. గిరాకీ లేనప్పుడు దాని మీద న్యూస్‌పేపర్ పెట్టుకోవచ్చు. తిరగవాత వేయకముందే ఒక గరిటె పప్పు పక్కకు తీసిపెట్టండి. కారం తినే పిల్లలు మన ఊళ్లోనూ అందరూ కారు, అడిగితే నామోషీ అని వాళ్ల అమ్మలు అడగడం లేదు, అంతే.

పెద్దలకు ఫోన్ ఒకటి దొరికింది. బిడ్డ ఏడిస్తే ఫోన్, తినకుంటే ఫోన్. రెండేండ్లలోపు పిల్లలకు తెర చూపించడమే వద్దని, రెండు నుంచి నాలుగేండ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. డల్లాస్ నుంచి వచ్చినోళ్లు, డొనేకల్లు నుంచి వచ్చినోళ్లు ఈ విషయంలో సమానమే. బిల్లు పుస్తకం చీటీలు మేలు.

ఇక మనకు చెప్పే మాట. అనంతపురం రోడ్డు మీది దాబాలో మొన్న ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. తల్లి చెయ్యి కడుక్కొనేకి లేవబోయింది, అలవాటు కొద్దీ. పక్కనున్న భర్త “నువ్వు తిను” అని బిడ్డను భుజాన వేసుకొని బయటికి పోయినాడు. అత్తగారు ఊరుకోలేదు: “వాడు తినల్ల గదమ్మా, నువ్వు పో.” బయట్నుంచే కొడుకు అన్నాడు: “అక్కడ మేము వంతులేసుకుంటామమ్మా. ఇప్పుడు నా వంతు.”

అక్కడ వాళ్లకు జేజి లేదు, మేనత్త లేదు, పక్క బల్ల అవ్వ ఎత్తుకోదు. గతి లేక నేర్చుకున్న వంతు అది. మన దగ్గర బిడ్డను ఎత్తుకునే చేతులకు కొదవ లేదు, అయినా చివర్న చల్లారిన అన్నం తినేది మాత్రం తల్లే. సూట్‌కేసులో చాక్లెట్లు, సెంటు సీసాలు తెచ్చినోళ్లు ఈ వంతు కూడా తెచ్చినారు. చాక్లెట్లు పంచుకున్నంత తొందరగా దాన్నీ పంచుకుంటే బాగుంటుంది. ఏరువాక పున్నమికి ఓళిగలు చేసినప్పుడు మొదలుపెట్టొచ్చు, హోటలు దాకా పోనక్కర్లేదు. పెనం మీద నుంచి తీసిన మొదటి ఓళిగ, నెయ్యి వేసి, చేసిన మనిషికే పెట్టండి. బిడ్డ ఏడిస్తే మగోళ్లు లేవండి.